ట్రంకుపెట్టె సర్దే వేసవి



ఈ సంచిక మీ చేతికి అందేసరికి రోహిణి కార్తె ఎండలు రోళ్ళు పగలగొడుతూ ఉంటాయి. మిరప కల్లాలు ఖాళీ అయ్యాయి. ఆవకాయ జాడీలకు వాసెన గుడ్డలు కట్టడం అయిపోయింది. తాటిముంజెలు అమ్మే ముసలాయన పొద్దు ఎక్కకముందే సైకిలు గంట కొట్టుకుంటూ వచ్చి పోతున్నాడు. మధ్యాహ్నమైతే ఊరంతా తలుపులు దగ్గరగా వేసుకుని పడుకుంటుంది.

కాని కొన్ని ఇళ్ళలో మాత్రం ఆ వేళ కూడా కన్ను మూతపడదు. అవి పదో తరగతి పాసైన బిడ్డ ఉన్న ఇళ్ళు. ఏప్రిల్ చివరనో మే మొదట్లోనో ఫలితాలు వచ్చాయి. వీధిలో అందరికీ చాక్లెట్లు పంచారు. ఆదివారం గుడిలో అయ్యగారు పిల్లల్ని నిలబెట్టి వాళ్ళ కోసం ప్రార్థన చేశారు. ఇంకొన్నాళ్ళలో ఆ బిడ్డ ట్రంకుపెట్టె పట్టుకుని బస్సెక్కాలి. ఇల్లు విడిచి హాస్టలుకు పోయే పిల్లల గురించి, వాళ్ళను పంపే ఇళ్ళ గురించి ఈ నెల నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఇంటి బిడ్డే, సగం చుట్టం

ఫలితాలు వచ్చిన నాటినుండి బయలుదేరే నాటిదాకా నెలా నెలన్నర ఉంటుంది. ఆ రోజుల్లో ఇంట్లో ఒక చిత్రమైన మార్పు వస్తుంది. పాత బడి అయిపోయింది, కొత్త కాలేజీ మొదలు కాలేదు. యూనిఫారం తమ్ముడికి ఇచ్చేశారు. పుస్తకాలు పక్కింటి పిల్ల పట్టుకుపోయింది. ఆ బిడ్డకు తాను ఎక్కడి మనిషో తనకే తెలియదు. ఇంట్లోవాళ్ళు కూడా తెలియకుండానే బిడ్డను సగం చుట్టంలా చూడటం మొదలుపెడతారు. నిన్నటిదాకా "లేచి గిన్నెలు కడుగు" అన్న తల్లి ఇవాళ "పోనీలే, ఉండేది పది రోజులు" అంటుంది. కూరలో మంచి ముక్క ఆ కంచంలోకే పోతుంది. చిన్నవాడు అది చూసి మూతి ముడుచుకుంటాడు.

మా వీధి చివర ఇంట్లో ఒక అమ్మాయి ఉంది. తండ్రి ఆటో తోలుతాడు, తల్లి మిరప కోతలకు పోతుంది. ఆ పిల్ల కూడా పరీక్షలు అయిన మర్నాటినుండి తల్లితో కోతకు పోయి, ఆ కూలి డబ్బులతో తన పెట్టె తానే కొనుక్కుంది. పచ్చరంగు ట్రంకుపెట్టె, మూత మీద రెండు గులాబీ పూలు. సీటు వచ్చింది మా ఊరికి నూట ఇరవై కిలోమీటర్ల దూరంలో. ఆ ఇంటికి మా ఇల్లు నాలుగు గడపల దూరం కాబట్టి ఈ వేసవంతా వాళ్ళ మాటలు నా చెవిన పడుతూనే ఉన్నాయి.

తల్లీ కూతుళ్ళు ఇంతకు ముందెన్నడూ లేనంతగా పోట్లాడుకున్నారు. దువ్వెన ఎక్కడ పెట్టావంటే గొడవ. నీళ్ళ బిందె సగమే తెచ్చావంటే గొడవ. ఒకనాడు ఆ పిల్ల "నేను పోతే నీ పీడా వదులుతుందిలే" అని అరిచింది. తల్లి మారు మాట లేకుండా పెరట్లోకి పోయి బట్టలు ఉతకటం మొదలుపెట్టింది. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికింది. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "టీచరమ్మగారూ, దీనికి ఎందుకింత పొగరు వచ్చిందండీ?" అని అడిగింది.

పొగరు కాదమ్మా, భయం. పోలేక పోయేవాళ్ళకు పోట్లాట ఒక ఊతకర్ర. కోపంగా ఉంటే గడప దాటటం తేలిక. ప్రేమగా ఉంటే కాలు కదలదు. ఆ పిల్లకు ఈ సంగతి మాటల్లో చెప్పటం రాదు, అందుకే దువ్వెన మీద పెట్టి చెబుతుంది. ఆ తల్లికీ చెప్పటం రాదు, బట్టలు బండకేసి బాదుతుంది. ఈ వేసవిలో మీ ఇంట్లో కూడా కారణం లేని తగాదాలు పెరిగి ఉంటే వాటి అడుగున ఉన్నది ఇదేనేమో ఒకసారి చూడండి.

నాన్నల సంగతి

తల్లి ఏడిస్తే నలుగురికీ కనబడుతుంది. తండ్రి సంగతి ఎవరూ అడగరు. ఆ ఆటో నడిపే నాన్న పది రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. రాత్రి ఇంటికి వచ్చి పెట్టె ముందు కూర్చునేవాడు. గొళ్ళెం వదులుగా ఉందని బిగించాడు. మర్నాడు మళ్ళీ విప్పి నూనె వేశాడు. అడుగున రేకు గీసుకోకుండా అట్టముక్క కోసి పరిచాడు. మూత లోపలి వైపు కూతురి పేరు, ఊరి పేరు, తన ఫోను నెంబరు పెయింటుతో రాశాడు. ఆ పని అంతా అయ్యాక "ఇక చేసేదేం లేదు" అని గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి బయటకు పోయాడు.

మన ఇళ్ళలో మగవాళ్ళు ప్రేమను రేకు మీద రాస్తారు గాని నోటితో పలకరు. అది వాళ్ళ తప్పని అనను, వాళ్ళ నాన్నలు వాళ్ళకు అలాగే చూపించారు. కాని పదహారేళ్ళ పిల్లకు గొళ్ళెం భాష అర్థం కాదు. "నాన్న నాతో మాట్లాడటం లేదు, ఫీజు కట్టాల్సి వచ్చిందని కోపం కాబోలు" అనుకుంది ఆ పిల్ల. ఈ మాట నాతో అన్నది. తండ్రి ఏమో కూతురు దూరమైపోతోందని లోలోపల నలిగిపోతున్నాడు. ఒకే అరుగు మీద కూర్చున్న ఇద్దరు మనుషులు ఒకరి మనసు ఒకరికి తెలియక ఎంత దూరంలో ఉన్నారో చూడండి.

అన్నయ్యలారా, బాబాయిలారా, మీకొక్క మనవి. బిడ్డ బయలుదేరే ముందు ఒక సాయంత్రం ఆ బిడ్డను ఒక్కదాన్నే లేదా ఒక్కణ్ణే వెంటబెట్టుకుని చెరువు గట్టుదాకా నడిచి రండి. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. "నువ్వు పోతున్నావంటే నాకు బెంగగా ఉందమ్మా" అనండి చాలు. తండ్రికి కూడా బెంగ ఉంటుందని తెలిసిన పిల్లకు తన బెంగ సిగ్గుపడవలసిన సంగతి కాదని తెలుస్తుంది.

మన పెద్దలు కూడా పెట్టె మోసినవారే

చదువు కోసం బిడ్డను దూరం పంపటం మన సంఘాలకు కొత్త కాదు. రాబర్ట్ నోబుల్ దొరగారు మచిలీపట్నంలో బడి తెరిచింది 1843లో. గుంటూరులో లూథరన్ మిషన్ వారి కాలేజీ, నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల, 1885లో మొదలైంది. డాక్టరు అన్నా కుగ్లర్ దొరసానిగారు 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచారు. మన పల్లెల నుండి ఎంతమంది ఆడపిల్లలు ఇలాంటి మిషను బోర్డింగుల్లో చదువుకుని, మిషను ఆసుపత్రుల్లో నర్సు పని నేర్చుకుని ఇళ్ళకు దీపాలయ్యారో మీ అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగితే చెబుతారు.

మా అమ్మమ్మ బోర్డింగుకు ఎద్దుబండి మీద పోయింది. తెల్లవారుజామున బయలుదేరితే దీపాలు పెట్టే వేళకు చేరేవారట. పొద్దున్నే జావ, మధ్యాహ్నం చోళ్ళ సంకటి. ఇంటినుండి ఉత్తరం రావటానికి వారం, జవాబు పోవటానికి వారం. వాళ్ళ అమ్మకు చదువు రాదు. ఊరి ఉపదేశిగారి చేత రాయించి, చివర బొటనవేలు ముద్ర వేసి పంపేదట. "ఆ కాగితంలో ఉన్న మాటలు ఉపదేశిగారివే, ఆ ముద్ర ఒక్కటే మా అమ్మది. నేను మాటలు ఒకసారి చదివి, ముద్ర మాత్రం రోజూ చూసుకునేదాన్ని" అని చెప్పేది అమ్మమ్మ.

నేను టీచరు ట్రైనింగుకు పోయింది 1975 వేసవి వెళ్ళాక. మా అమ్మ తన పాత చీరలతో బొంత కుట్టి ఇచ్చింది. మొదటి నెలంతా తలనిండా అది కప్పుకుని పడుకునేదాన్ని. ఎండాకాలపు ఉక్కలో బొంత ఏమిటని తోటి పిల్లలు నవ్వేవారు. అందులో మా ఇంటి పొయ్యి పొగ వాసన ఉండేది. ఒకనాడు వార్డెనమ్మ దాన్ని ఉతికించారు. వాసన పోయింది. ఆ రాత్రి బాగా ఏడ్చాను. మర్నాటినుండి బొంత లేకుండానే నిద్ర పట్టింది. బెంగ అనేది అలాగే పోతుంది. తన వేళకు తాను పోతుంది గాని "ఏడవకు" అంటే పోదు.

బైబిలులో హన్నా కథ మనందరికీ తెలుసు. మొక్కుకుని కన్న ఒక్కగానొక్క బిడ్డను, పాలు మానగానే షిలోహులో మందిరానికి ఇచ్చివచ్చింది. మనం ఆమె ప్రార్థన గురించి చాలాసార్లు విన్నాం. తరువాత వచ్చే చిన్న సంగతిని గబగబా చదివి దాటేస్తాం. ఆ తల్లి ఏటేటా చిన్న అంగీ కుట్టి బిడ్డకు తీసుకుపోయేది. నేను దర్జీ పని కూడా కొంచెం చేసినదాన్ని కాబట్టి నాకు ఆ అంగీ మీదే మనసు పోతుంది. బిడ్డ ఎదురుగా లేడు, కొలత ఎలా తీసింది? ఏడాదిలో ఎంత పొడుగయ్యాడో, భుజాలు ఎంత వెడల్పయ్యాయో రామాలో ఇంట్లో కూర్చుని ఊహించుకుని కుట్టి ఉండాలి. పంపటమంటే వదులుకోవటం కాదన్నమాట. దూరాన ఉన్న బిడ్డ ఎంత ఎదిగిందో రోజూ మనసులో కొలుచుకుంటూ ఉండటం.

వెనక నిలిచిపోయిన పిల్లలు

పెట్టె సర్దుకునే పిల్ల గురించి చెప్పుకున్నాం. అదే వీధిలో పెట్టె లేని పిల్లలు కూడా ఉంటారు.

లెక్కల్లో తప్పిన అబ్బాయి ఉంటాడు. పొద్దున్నే గేదెలను తోలుకుని పోయి చీకటి పడ్డాక గాని రాడు. గుడికి రావటం మానేస్తాడు. వస్తే ఎవరో ఒకరు "ఎన్ని మార్కులు?" అని అడుగుతారని భయం. పెద్దలకు తెలియవలసిన సంగతి ఒకటుంది. ఇప్పుడు తప్పిన పిల్లలు ఏడాది ఆగనక్కరలేదు. ఫలితాలు వచ్చిన కొన్ని వారాల్లోనే సప్లిమెంటరీ పరీక్ష పెడతారు. పాసైతే ఆ ఏడే ఇంటర్‌లో చేరవచ్చు. ఫీజు కట్టే గడువు మాత్రం తక్కువగా ఉంటుంది, అది దాటనివ్వకండి. సంఘంలో లెక్కలు వచ్చిన యువకులెవరైనా ఉంటే సాయంత్రం గుడి అరుగు మీద దీపం పెట్టి నాలుగు వారాలు చెప్పండి. దానికి మించిన యువజన కూటం ఏముంటుంది?

మార్కుల మీద బిడ్డ విలువ కట్టే ఇళ్ళకు ఒక చేదు సంగతి గుర్తుచేయక తప్పదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల నమోదులో పొరపాట్లు దొర్లాయని తరువాత బయటపడింది. తప్పిన పిల్లలందరి జవాబు పత్రాలూ మళ్ళీ పరిశీలించారు. వెయ్యిమందికి పైగా పాసైనట్లు తేలింది. కాగితం మీద అంకె తప్పయితే దిద్దవచ్చు. పోయిన బిడ్డను ఎవరు తేగలరు? పాసైనా తప్పినా "నువ్వు మా బిడ్డవు" అనే మాట ఫలితాల కంటే ముందే బిడ్డ చెవిన పడాలి.

ఇంకొక పిల్ల ఉంటుంది. మంచి మార్కులే వచ్చాయి. కాని మేనత్త ఊరినుండి సంబంధం వచ్చింది. "చదివి ఏం ఏలాలి, మంచి సంబంధం మళ్ళీ వస్తుందా?" అంటారు. స్నేహితురాలు పెట్టె కొనుక్కుంటుంటే ఈ పిల్ల గుమ్మంలో నిలబడి చూస్తుంది. నోరు తెరిచి అడగదు. అమ్మలారా, అయ్యలారా, 2006లో వచ్చిన బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవై ఒకటి నిండాలి. నిండకముందు పెళ్ళి జరిపించినవారికి, దగ్గరుండి చేయించిన పెద్దలకు రెండేళ్ళదాకా జైలు, లక్ష రూపాయలదాకా జరిమానా ఉన్నాయి. ప్రార్థన చేసి ముడివేయించిన సేవకులకైనా ఇదే వర్తిస్తుంది. ఎవరైనా పిల్లకు ఇలాంటి బలవంతం జరుగుతుంటే 1098కి ఫోను చేయవచ్చు. డబ్బు ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది.

చట్టం సంగతి అలా ఉంచినా, పదహారేళ్ళ పిల్ల మౌనాన్ని ఒప్పుదల అనుకోకండి. స్త్రీల సమాజం అక్కయ్యలు ఒకసారి ఆ ఇంటికి పోయి కూర్చోండి. కాఫీ తాగి, ఆ తల్లితో నెమ్మదిగా మాట్లాడండి. తగాదాగా పోవద్దు. చాలాసార్లు ఆ తల్లి కూడా అలాగే పదహారేళ్ళకు చదువు మాని పెళ్ళి చేసుకున్న పిల్లే అయి ఉంటుంది. ఆమెకు ఒక తోడు మాట కావాలి.

పెట్టెలో ఏం పెట్టాలి

చాలామంది తల్లులు ఈ ప్రశ్న అడిగారు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

కాగితాలు ముందు. మార్కుల జాబితా, టీసీ, ఆధార్, కులం, ఆదాయం ధ్రువపత్రాలు. అసలువి కాలేజీలో ఇచ్చేముందు ఒక్కొక్కటి నాలుగేసి జిరాక్సులు తీయించి రెండు సెట్లు ఇంట్లో ఉంచండి. ఎమ్మార్వో ఆఫీసులో కాగితం చేతికి రావటానికి రోజులు పడుతుంది, చివరి వారందాకా ఆగకండి.

బట్టలు తక్కువ పెట్టండి. కొత్తవి మరీ తక్కువ. ఒంటికి అలవాటైన పాత బట్టలే కొత్త చోట హాయినిస్తాయి. బకెట్టు, మగ్గు, దుప్పటి, తాళం, రెండు తాళంచెవులు. సూది, దారం, గుండీలు. ఆడపిల్లలకు నెలసరి సామాను రెండు నెలలకు సరిపడా. అబ్బాయిలకు బట్టలు ఉతకటం, గుండీ కుట్టుకోవటం ఈ వేసవిలోనే నేర్పండి. అమ్మ చేస్తుందని పెరిగినవాడు హాస్టల్లో మొదటి వారమే చతికిలబడతాడు.

తినేవి మూడు రకాలు చాలు. కందిపొడి, సున్నుండలు, కొంచెం ఆవకాయ. పక్కవాళ్ళకు పెట్టేంత పెట్టండి. హాస్టల్లో మొదటి స్నేహం చాలాసార్లు పచ్చడి సీసా మూత దగ్గరే మొదలవుతుంది. నూనె కారకుండా సీసా మూతకింద పాలిథీన్ కాగితం వేసి బిగించండి.

ఊరిని గుర్తుచేసేది ఏదైనా ఒకటి పెట్టండి. ఇంట్లోవాళ్ళందరూ ఉన్న ఫోటో, నాయనమ్మ చేతి రుమాలు, చదువుకునే బైబిలు, ఏదైనా సరే. ఫోను చాలా హాస్టళ్ళలో ఉండనివ్వరు. కాబట్టి ఇంటి నెంబర్లు రెండు పిల్లకు కంఠతా వచ్చేలా చేయండి. వచ్చాయో లేదో చీకట్లో నిద్ర లేపి అడిగి చూడండి.

పెట్టెలో పట్టనిది

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. బిడ్డను పంపేటప్పుడు మనం చెప్పే మాటలు గుర్తుచేసుకోండి. "మా కష్టం మరచిపోకు." "అప్పు చేసి కడుతున్నాం, గుర్తుపెట్టుకో." "ఊళ్ళో మా తల దించుకునేలా చేయకు." ఇవన్నీ ప్రేమతోనే అంటాం. కాని బిడ్డ వాటిని బస్సులో ఒక్కొక్కటిగా లెక్క పెట్టుకుంటుంది. ఆ పెట్టె బరువు కూలివాడు కూడా దించలేడు.

తెల్లవారుజామున అయిదింటికి లేపి రాత్రి పదింటిదాకా పుస్తకం ముందు కూర్చోబెట్టే చోట్లు ఉన్నాయి. వారం వారం పరీక్ష, మార్కులను బట్టి సెక్షను మార్పు. ఊరి బడిలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్ల అక్కడ నలభయ్యో స్థానంలో ఉంటుంది. ఇంగ్లీషులో పాఠం అర్థం కాదు. 2008లో మొదలైన నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీల సంగతి చూడండి. పదో తరగతి మార్కులను బట్టి సీటు ఇస్తారు, చదువు ఆరేళ్ళు. పల్లె పిల్లలకు అది గొప్ప వరం, కాదనను. కాని పదహారేళ్ళకు గడప దాటిన బిడ్డ ఇరవై రెండేళ్ళకు గాని తిరిగి రాదు. అంత దూరపు ప్రయాణానికి బిడ్డ చేతికి ఒక్క మాట ఇవ్వాలి.

ఆ మాట ఇది: "అక్కడ ఉండలేకపోతే చెప్పు. మేం వస్తాం. వెనక్కి వస్తే నిన్ను ఎవరూ ఏమీ అనరు, నేను అననివ్వను."

"అలా అంటే పిల్ల రెండో రోజే వచ్చేస్తుంది టీచరమ్మా" అని ఒక తండ్రి నాతో అన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు చదువు చెప్పినదాన్ని, నేను చూసింది వేరు. వెనక్కి దారి ఉందని తెలిసిన పిల్లే ధైర్యంగా నిలబడుతుంది. బావిలో దిగేవాడికి పైన తాడు పట్టుకున్న మనిషి ఉన్నాడన్న నమ్మకం ఉంటే అడుగుదాకా దిగుతాడు. తాడు లేదనుకున్నవాడు మొదటి మెట్టు మీదే వణుకుతాడు.

మొదటి నెల బెంగ మామూలు. సాయంత్రాలు, ఆదివారాలు, జ్వరం వచ్చిన రోజులు ఎక్కువగా ఉంటుంది. ఫోనులో ఏడిస్తే ఏడవనివ్వండి. "మార్కులెన్ని?" అని ముందే అడగకండి. "ఏం తిన్నావు, పక్క మంచం పిల్ల పేరేమిటి?" అని అడగండి. మీరు ఇంటి కబుర్లు చెప్పండి. గేదె ఈనిందని, తమ్ముడు చెట్టెక్కి కింద పడ్డాడని చెప్పండి. నువ్వు లేకపోయినా ఇల్లు నీదేనని బిడ్డకు ఆ కబుర్లే చెబుతాయి. వస్తామన్న ఆదివారం తప్పక పోండి. ఆ రోజు గేటు దగ్గర నిలబడి ఎదురుచూసే పిల్లకు ఆలస్యమైన బస్సు సంగతి తెలియదు.

కాని బెంగ వేరు, ప్రమాదం వేరు. నెల దాటినా తిండి సయించకపోతే, నిద్ర లేకపోతే, మాట్లాడటమే మానేస్తే, "నేను ఎవరికీ అక్కర్లేదు", "నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గుతుంది" లాంటి మాట ఒక్కటి వినబడినా, ఆ రాత్రే బయలుదేరండి. పనులు ఆగనివ్వండి. పరీక్ష ఉందని ఎవరైనా ఆపినా ఆగకండి. 14416 అనే నెంబరు 2022 అక్టోబరు నుండి దేశమంతా పనిచేస్తోంది. టెలీ మానస్ అంటారు. మనసు బాగాలేనివారితో తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. ఇంటి నెంబర్ల పక్కన పిల్ల డైరీలో ఇది కూడా రాసి ఇవ్వండి. మీరు కూడా దగ్గర ఉంచుకోండి. పంపిన తరువాత దిగులు పట్టుకున్న తల్లులకు, తండ్రులకు కూడా అది పలుకుతుంది.

సంఘానికి ఒక మాట. హాస్టలుకు పోయిన పిల్లల పేర్లు గుడి తలుపు పక్కన ఒక కాగితం మీద రాసి అతికించండి. నెలకొకసారైనా ఆదివారపు బడి పిల్లల చేత వాళ్ళకు ఉత్తరాలు రాయించండి. దసరా సెలవులకు వచ్చినప్పుడు ర్యాంకు అడగకుండా ఒక పూట అన్నం పెట్టండి.

మృగశిర కార్తె వచ్చి తొలకరి పడేసరికి చాలా ఇళ్ళలో ఒక మంచం ఖాళీ అవుతుంది. వెంటనే దాన్ని తీసేసి బియ్యం బస్తాలు వేయకండి. కొన్నాళ్ళు అలాగే ఉండనివ్వండి. ఈ లోగా మీకింకా నాలుగు రోజులో పది రోజులో ఉన్నాయి. పెట్టె సర్దటం రేపు చూసుకోవచ్చు. ఈ సాయంత్రం ఆరుబయట మంచాలు వాల్చి, బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ ఒక్క మాట చెప్పండి.

ప్రభువు మీ పిల్లలకు, మీ ఇళ్ళకు తోడై ఉండునుగాక. వచ్చే నెల మళ్ళీ కలుద్దాం. సెలవు.